లింగమూర్తి తేనె దుకాణం

లింగమూర్తికి అక్షరాలన్నీ వచ్చు. అయినా ఫోనులో ఒక్కటీ వాడడు. బొమ్మ దొరికితేనే మాట. దొరక్కపోతే దొరికేదాకా నెట్టంతా తవ్వుతాడు. గోదావరిఖనిలో షాట్‌ఫైరర్‌గా బొగ్గు పేల్చి రిటైరైన మనిషికి తవ్వకం మానడం చేతకాదు మరి.

"బొగ్గు బొమ్మ చూపెట్టు" అని ఫోనును ఓ పూటంతా బతిమాలాడు. అది చూపించలేదు. దాంతో గని టార్గెట్ దాటిందని కొడుకు చెప్పిన రోజు, క్వార్టర్ల వాట్సాప్ గ్రూపులో వరసలు వరసలుగా నల్ల గుండెలు పెట్టాడు. అడ్మిన్ రాజకుమారికి ఫోన్ల మీద ఫోన్లు: "ఎవలు పోయిండ్రక్కా?"

అది చాలదన్నట్టు రోజూ మధ్యాహ్నం పేలుడు, తేనె కుండ, కుర్చీ: 💥🍯🪑.

"కాకా, తేనె కిలో ఎట్ల?" అని ఒకరు. "కుర్సీ ఫ్రీయేనా?" అని ఇంకొకరు. ఈ వేళాకోళం కింద నల్లా నీళ్ల కబురు పూడిపోయింది. నీళ్లు వచ్చి పోయాక గానీ ఆ కబురు చూడని రాజకుమారి, ఖాళీ బిందె పక్కనుంచే లింగమూర్తిని గ్రూపులోంచి తీసేసింది.

అతను పరుగున వచ్చాడు. "నల్ల గుండెలు బంద్ జేస్త బిడ్డా. మధ్యాహ్నం మూడు బొమ్మలకు జాగియ్యి."

"తేనె దుకాణం వేరే పెట్టుకో కాకా."

ఆ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో సైరన్ మోగింది. బ్లాస్టింగ్‌కు ఇళ్లు ఎప్పటిలాగే ఊగాయి. కాసేపటికి రాజకుమారి దగ్గరికి పక్క క్వార్టర్ పోశవ్వ వచ్చింది. ఆమెకు చెవులు వినపడవు, చదువు రాదు. చీరంతా మామిడికాయ పచ్చడి నూనె, చేతిలో ఫోను.

"జర చూడు బిడ్డా, ఖరాబైనట్టుంది. దినాం నడుముకాడ వణుకుతది. తీసి చూస్తె మొదలు పటాకి, ఎనక జాడీ, గా ఎనక కుర్సీ. జాడీ దించి కూసుంట. ఇయ్యాల వణకలే. ఇల్లు ఊగంగనే పానం పోయిందనుకున్న. జాడీ పోయింది."

రాజకుమారి తిన్నగా లింగమూర్తి ఇంటికి నడిచింది. "ఆమెకొక్కదానికే పంపొచ్చు గద కాకా?"

"పంపితె చెవిటిదానికి స్పెషల్ సైరనని ఆమెను నవ్వుతరు. అందరికి పెడితె నన్ను నవ్వుతరు. నాకేం ఫికర్?"

అక్కడికక్కడే అతన్ని మళ్లీ గ్రూపులో కలిపింది. మర్నాడు అతను మంచిర్యాలలో చుట్టాల పెళ్లికి పోవాలి. అక్కడికి సైరన్ వినపడదు కనక డ్యూటీ ఆమెకు అప్పజెప్పి రైలెక్కాడు.

సైరన్ మోగింది. రాజకుమారికి ఎన్నడూ లేని హుషారు. జంతువులన్నీ దాటి, జెండాలన్నీ దాటి, తేనె కుండ దొరకగానే ఎగిరి గంతేసినంత పని చేసి పంపింది: 💥🪑🍯.

మరుక్షణం గోడ అవతల పోశవ్వ, కొత్త జాడీ చంకలో పెట్టుకుని: "ఏందే పిల్లా, ముందుగాల నేను కూసుంటె జాడీ ఎవలు దించుతరు, నువ్వా?"

గ్రూపులోనూ అప్పటికే ఎవరో అడిగారు: "అక్కా, నువ్వు గూడ మొదలువెట్టినవా? కిలో ఎట్ల?"

రాజకుమారి అక్షరాల జోలికి పోలేదు. బాగా వెతికి, ఒక నల్ల గుండె పెట్టింది.