కస్మాలం మాట, మా మేడమీది అయ్యవారు

మా మేడమీది అయ్యవారు పోయారు. మంగళవారం పొద్దున నేను రెండో వాయ ఇడ్లీలు దించుతుంటే వాళ్ళమ్మాయి మెట్లు దిగొచ్చి చెప్పింది. తర్వాత, పదోరోజుకు వేసే చిన్న పుస్తకంలో నన్నూ ఒక పేజీ రాయమంది. రెండో క్లాసు చదివినదాన్ని, తప్పులుంటే దిద్దుకోండి. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. నాకు ఆయన మీద కోపం ఇంకా పోలేదు. అదే రాస్తాను.

ఆయన తెలుగు బళ్ళో పనిచేసి రిటైరయ్యారు. కథలు రాసేవారు. రోజూ మా అంగడి అరుగు మీదే కూర్చుని నాలుగు ఇడ్లీలు, చట్నీ వేరే గిన్నెలో పెట్టించుకుని తినేవారు. తింటున్నారనుకున్నాను. వింటున్నారు! మద్రాసు రాయపురంలో అంగడి నడిపేదానికి నోరు లేకపోతే ఎట్లా? ఆటోవాడు నా పొయ్యిని రాసుకుంటూ పోతే, "ఏయ్ కస్మాలం, కండ్లు యాడ పెట్టినావురా?" అంటాను. ఆ మాటను అట్లాగే ఒక కథలో ఇడ్లీలమ్మే ముసలిదాని నోట పెట్టేశారు. అది పత్రికలో వస్తే వీధంతా చదివింది. మా కోడలూ చదివింది. మైలాపూరు పిల్ల, గట్టిగా దగ్గితేనే ఉలిక్కిపడుతుంది. మర్నాటి నుంచి మనవరాలిని నా దగ్గరికి రానివ్వలేదు, నా మాటలు పట్టుకుంటుందని.

మేడెక్కి అడిగాను. "నా నోట్లో మాట ఎత్తుకపోయి కాగితంలో పెట్టేదానికి నువ్వెవురు సారూ?"

ఆయన నవ్వారు. "అది ఉత్త తిట్టు కాదమ్మా, సంస్కృతం మాట. మురికి అని అర్థం. పాత శ్లోకాల్లో ఉంది. పండితులు వదిలేసినా నీ నోట బతికుంది."

"అయితే నీ కూతుర్ని అట్లా పిలుచుకో పో! నా మనవరాల్ని తెచ్చిస్తుందా నీ అర్థం?"

ఆయన నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాత రెండేళ్ళు నేను ఆయనతో మాట్లాడలేదు. పోయిన నెల మెట్ల మీద ఎదురై, "ఆ కథ పుస్తకంలో వేస్తామన్నారు. వద్దన్నానమ్మా" అన్నారు. "ఇప్పుడేం లాభం?" అని మొహం తిప్పుకున్నాను. అది గుండెకు తగిలిందో ఏమో. రోజూ మింగే గుండె మాత్ర ఆ తర్వాత వేసుకున్నారో లేదో. అడిగేదానికి మనిషి లేడు.

పోయినవాళ్ళ పెదవులకు బియ్యం తాకించడం ఈడ వాడుక. ఆయన్ని ఎత్తే ముందు వాళ్ళమ్మాయి నన్నూ పిలిచింది. గుప్పెడు తీసుకున్నాను, చెయ్యి లేవలేదు. గుంపులోంచి మనవరాలు దూరి వచ్చి, "అవ్వా, నేనూ పెట్టనా?" అంది. కోడలి వైపు చూశాను. ఆమె పిల్లను వెనక్కి పిలవలేదు. ఆ చిన్న గుప్పిట పట్టుకుని ఆయన పెదవుల మీద విప్పాను.

నాలుగు గింజలు మీసంలో చిక్కుకుని, అట్లాగే ఉండిపోయాయి.