మంచం గోడకెక్కిన శుక్రవారం

ఆ రోజుల్లో ఖతర్‌లో ఒక్కడికే గది దొరకడమంటే అదృష్టజాతకుడి కింద లెక్క. క్యాంప్‌లో అందరూ ఒకరి కాళ్ళ దగ్గర ఒకరు తలపెట్టుకుని సర్దుకుంటుంటే, స్టోర్ కీపర్‌నైన నాకు మాత్రం ఇండస్ట్రియల్ ఏరియా అవతలి సైటులో చక్రాల మీద నిలబడ్డ పాత కారవాన్ ఇచ్చారు. అందులో ఏసీ ఉంది, అద్దం ఉంది, బీరువా ఉంది. నడవడానికి చోటే లేదు. తలుపు తీస్తే మంచం. బీరువా తెరవాలన్నా మంచమెక్కాలి. (నేను గదిలోకి వెళ్ళేవాణ్ణి కాదు, నేరుగా మంచం మీదికే వెళ్ళేవాణ్ణి.) అయినా ఇంటికి ఫోన్ చేసినప్పుడు "పెద్ద గదే అమ్మా" అని కోతలు కోసేవాణ్ణి.

అప్పుడే అమలాపురం వైపు నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి ఫోటో చూశాక ఇంకెవరినీ చేసుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. సరిగ్గా ఆ వారమే సైటులో పైపు మీద కాలేసి మడమ బెణికించుకున్నాను. అమ్మ ఊరుకుంటుందా? ఆదివారం చర్చి మందిరంలో పాస్టరు గారి చేత ప్రార్థన మనవి పెట్టించింది. మా మందిరంలో బెణికిన కాలు పక్కూరి మందిరంలో విరిగింది, గోదావరి పాయ దాటి అమ్మాయి వాళ్ళ ఊరు చేరేసరికి ఏకంగా తీసేశారు! వాళ్ళ అమ్మమ్మ ఫోన్‌లో అడ్డం తిరిగింది. "మా పిల్లల్ని పెళ్ళిచూపుల్లో నడిపించి చూడట్లేదా? అబ్బాయిని కూడా వీడియోలో నడవమనండి. ఆ గదిలోనే నడవమనండి, గది కూడా చూసినట్టుంటాది."

నడవడానికి నేలేదీ? నా దిగులు చూసి షట్టరింగ్ మామ రంగంలోకి దిగాడు. కాంక్రీటు పోయడానికి చెక్క చట్రాలు కట్టే కార్పెంటర్, జగిత్యాల దగ్గరివాడు, క్యాంప్ మొత్తానికీ మామే. "గింత దానికి పరేషాన్ గాకు అల్లుడా. మంచాన్ని గోడకెక్కిద్దం. పండేటప్పుడు దించుకో, మిగతప్పుడు ఎత్తిపెట్టుకో. యల్లా, పా!" అన్నాడు. శుక్రవారం సెలవు కాబట్టి పొద్దున్నే వచ్చి, మంచానికి ఒకవైపు మడతబందులు బిగించి, గోడకు నిలబెట్టి, అది కిందికి పడకుండా పైన ఒక చెక్క చీల కొట్టాడు. నా గది నేల ఆకుపచ్చ రంగని నాకు ఆ రోజే తెలిసింది.

సాయంత్రం మామ తలుపు దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. అప్పటికి బెణుకు తగ్గిపోయింది, నేను ఇస్త్రీ ప్యాంటులో గంభీరంగా ఇటూ అటూ నడిచాను. అమ్మమ్మకు నమ్మకం కుదరలేదు. "గట్టిగా అడుగెయ్యి బాబూ. ఈ రోజుల్లో చెక్క కాలుకీ బూటు తొడుగుతున్నారంట."

రోషం వచ్చి దబదబా అడుగులేశాను. చక్రాల మీది కారవాన్ ఊగింది, చీల జారింది, మంచం నా మీదికి వచ్చింది. ఒక్క గెంతులో వెళ్ళి మామ మీద పడ్డాను. ఫోన్ ఎక్కడో దొర్లింది. పెళ్ళి కూడా దానితోపాటే దొర్లిపోయిందనుకుని కళ్ళు మూసుకున్నాను.

"కాళ్ళు రెండూ భేషుగ్గా ఉన్నాయే!" కింద పడ్డ ఫోన్‌లోంచి అమ్మమ్మ గొంతు. "పెళ్ళి తేదీకి పాస్టరు గారికి కబురెట్టండి." ఆవిడ వెనక ఎవరో ఆపుకోలేక కిలకిలా నవ్వారు. ఆ నవ్వు ఎవరిదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఏంటి మామా ఇలా చేశావ్?" అంటే ఆయన నడుము రుద్దుకుంటూ, "షట్టరింగ్ అంటే గంతే అల్లుడా, కాంక్రీటు గట్టిపడ్డంక ఒక్క దెబ్బకు ఊడాలె. ఊడనిది కట్టుడు నాకు రాదు" అన్నాడు.

మామ ఊరెళ్ళిపోయి చాలా కాలమైంది. శుక్రవారాలు ఆయన లేని లోటు ఇప్పటికీ తెలుస్తుంది. ఇప్పుడు మాది ఖతర్‌లోనే అల్ వక్రా ఊళ్ళో ఫ్లాట్. మంచానికి రెండు పక్కలా ఇండియాకి తీసుకెళ్ళాల్సిన అట్టపెట్టెలు పేర్చింది మా ఆవిడ. మోకాలి నొప్పితో కుంటుకుంటూ వాటి మధ్య అడ్డంగా నడుస్తుంటాను. మొన్న విసుగొచ్చి, "ఈ మంచాన్నీ గోడకెక్కించేద్దామా?" అన్నాను.

"ఎక్కించండి. కానీ ఇప్పుడు గెంతగలరా?" అంది.

గెంతలేను. ఆవిడ మాత్రం ఆ రోజు నవ్వినట్టే నవ్వింది.