తన్నమన్నది నేనే

ఆరేళ్లుగా ఒక్క మాట దాచుకుని తిరుగుతున్నాను. ఇంట్లో చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

మాది కోదాడ. అక్కను మిర్యాలగూడలో ఇచ్చారు. బావ లెక్కల సారుగా చేసి రిటైరయ్యాడు. మేమిద్దరం కంప్యూటర్లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు నడుపుతాం. నవ్వండి, అక్క కూడా నవ్వుతుంది. ఎప్పుడేం చేయాలో ముందే పెట్టేస్తే ఆదివారం సాయంత్రం కంప్యూటరే ఆడేస్తుంది. నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకు తీసుకుపోవాలి. నాలుగోసారికి గజమే మిగిలితే? తెగించి ముందుకు పోవచ్చు, ఆగిపోతే బంతి అవతలివాళ్లది. లేదా మైదానం చివరనున్న రెండు స్తంభాల మధ్యకు బంతిని తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవచ్చు. బావది తెగింపు. నేను పిరికివాణ్ణి.

ఆరేళ్ల కిందట ఫైనల్ రోజు పొద్దున, ప్రతి ఆదివారం కలిసినట్టే ఇద్దరికీ నడుమనున్న నేరేడుచర్లలో, టీ కొట్టు దగ్గర, బావ తన చేత్తో నా ల్యాప్‌టాప్‌లో 'ముందుకే' అని పెట్టాడు. ఇంటికొచ్చాక నాకు భయమేసింది. చెప్పకుండా 'తన్నుడు' అని మార్చేశాను. చివరి నిమిషంలో, నాలుగోసారికి గజమే మిగిలింది. స్తంభాలు ఇంకా చాలా దూరం, అయినా మావాళ్లు అక్కడి నుంచే తన్నారు. బంతి స్తంభానికి తగిలి బయటపడింది. ఓడిపోయాం.

బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, నేను ముందుకే అని పెట్టిన గదా?"

"లేదు బావా. తన్నుడే పెట్టినవ్. నేను సూసిన. మర్చిపోయినట్టున్నవ్."

"మా నాయినకు గూడ గిట్లనే షురూ అయింది," అన్నాడు.

వాళ్ల నాన్న చివరికి కన్నకొడుకు పేరు కూడా మర్చిపోయాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ మాటే ఎందుకన్నాను? అప్పుడే ఒప్పుకుంటే రెండు తిట్లు తిట్టి ఊరుకునేవాడు కదా?

బావ స్కూటర్ మానేశాడు. పిల్లలకు లెక్కలు చెప్పడం మానేశాడు. దవాఖానలో పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. అయినా నమ్మలేదు. నా బామ్మర్ది కళ్లారా చూశాడని డాక్టరుతోనే వాదించాడట. ఆట మానేద్దామంటే, ఆయన గడప దాటేది దానికొక్కదానికే. నిజం చెబుదామంటే, ఈ ఆరేళ్లు ఎక్కడినుంచి తెచ్చివ్వను?

మొన్న ఆదివారం టీ కొట్టు దగ్గర బావ జేబులోంచి చీటీ తీసి ఇచ్చాడు. నాలుగోసారి గజం మిగిలితే అన్నచోట 'ముందుకే' అని రాసి, కొట్టేసి, కింద 'బామ్మర్దిని అడగాలి' అని రాసుకున్నాడు.

మార్చింది నేను. బావ సరిగ్గానే పెట్టాడు. ఈ రెండు ముక్కలూ రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఆదివారం మళ్లీ నేరేడుచర్ల వెళ్లాలి.