వాము పక్కన పోసిన బూడిద

మీ బడివాళ్లు ఫైర్ స్టేషన్ చూపించారని, ఎర్ర టోపీలు పెట్టుకుని పైపు పట్టుకున్న వీడియో పంపారు కదా, నాలుగుసార్లు చూశాను. బాగుంది బిడ్డా. కానీ వాళ్ల పని చూసి పిల్లలు ఏం నేర్చుకుంటారో నాకు తెలుసు. మీ అమ్మ నేర్చుకున్నదానితో ఇప్పటికీ నా ప్రాణం తీస్తోంది.

అప్పుడు తనకు ఎనిమిదేళ్లు. సుల్తానాబాద్ దగ్గర మా ఇంటి వెనక గడ్డివాము అంటుకుంది. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. వానలు పడేదాకా రెండు బర్రెలకు అదే మేత. ఊరంతా బిందెలతో ఉరికింది, ఫైరింజన్ వచ్చి మంట ఆర్పింది. మిగిలిందైనా దక్కిందని మేం అనుకునేలోపు వాళ్లు కొక్కేల కర్రలతో వామును పీకి పెరడంతా పరవసాగారు. మా మామకు, అంటే మీ అమ్మ తాతకు, ఒళ్లు మండింది.

“మంట ఆరింది గదా, ఇంక చెడగొట్టుడెందుకు? బర్రెలకు ఏం పెట్టాలె?”

“పైన ఆరింది పటేలా, లోపల చూడు,” అన్నాడు వాళ్లలో పెద్దాయన. లోపలి గడ్డి ఎర్రగా కణకణలాడుతోంది. మీ అమ్మ చెయ్యి పెట్టబోతే ఆపి, కాస్త ఎడంగా, చేతి వెనకవైపుతో వేడి చూడటం నేర్పాడు. తమాషా అయిపోయిందని అందరూ వెళ్లిపోయినా ఆమె పొద్దుగూకేదాకా వాళ్ల వెంటే ఉంది. సగం గడ్డి దక్కింది.

మామ బీడీ వల్లే అంటుకుందన్నారు అందరూ. పాపం, ఆయనా అదే నమ్మాడు. పొద్దున పొయ్యిలో బూడిద తీసి వాము పక్కన పోసింది నేను. చల్లారిందనుకున్నాను. నోరు విప్పలేదు.

మర్నాటి నుంచి నా తిప్పలు మొదలయ్యాయి. బూడిద ఎత్తుకుని బయలుదేరితే మీ అమ్మ అడ్డం.

“అమ్మా, జర ఆగు. అడుగుకు చూసినవా?”

“చూసిన తల్లీ.”

“ఎప్పుడు? నేను చూడలే.”

అని పుల్లతో కెలికి, చేతి వెనకవైపు పెట్టి చూసేది. బడికి ఆలస్యమైనా వదిలేది కాదు. నెల భరించి, విసుగొచ్చి వీపు మీద ఒకటి వేశాను. ఏడవలేదు. “తాత బీడీ బంద్ చేసిండు, పాపం,” అంది మెల్లగా. తనకు అంతా తెలుసని అప్పుడర్థమైంది.

ఆ సాయంత్రమే మామకు ఉన్నదంతా చెప్పేశాను. ఆయన “నెల సంది బీడీ లేక సచ్చిన గద బిడ్డా,” అన్నాడు.

ఇప్పుడు మామ లేడు, బర్రెలు లేవు, గ్యాసు వచ్చాక బూడిదే లేదు. అయినా మీ అమ్మ పుణె నుంచి రోజూ ఫోన్ చేసి, “పొయ్యి బంద్ చేసినవా? మళ్లోసారి పోయి చూడు,” అంటుంది. లేచి వెళ్లి చూసి వస్తాను. ఇన్నేళ్లయినా ఆమెకు ఆ బూడిద ఇంకా చల్లారలేదు.