పిన్నిగారి కనుబొమ్మ

ఇవాళ పొద్దున కనుబొమ్మలు దిద్దే కొత్త ఐబ్రో జెల్ తెరిస్తే గొట్టంలోంచి బ్రష్షు టుప్పుమని వచ్చింది. ఆ చప్పుడు వింటే నాకు మార్తక్క గుర్తొస్తుంది. నూజివీడులో ఆవిడ పార్లర్‌లోనే నేను పని నేర్చుకున్నాను. ఆవిడ గురించి రాయాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది. ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని, తప్పులుంటే సర్దుకోండి.

అంతకుముందు నేను మామిడికాయల షెడ్డులో కాయలు ఏరేదాన్ని. గొట్టంలోని బ్రష్షు ఒకరి మొహానికి పెట్టి మళ్ళీ లోపల పెట్టొద్దని నేను చేరిన రోజే మార్తక్క చెప్పింది. చెమట, చీము అన్నీ ఆ తడిలోకి పోయి అక్కడే పెరుగుతాయట. కొంచెం జెల్ చిన్న పళ్ళెంలోకి తీసుకుని, మనిషికో చిన్న బ్రష్షు వాడి పారేయాలి. నాకది చాదస్తం అనిపించేది. షెడ్డులో మేమంతా ఒకే దువ్వెనతో దువ్వుకునేవాళ్ళమని, మాకేమైందని అడిగాను. "పేలయ్యాయి" అంది, తల ఎత్తకుండానే.

ఆ ఎండాకాలం రెడ్డిగూడెంలో ఒక పెళ్ళికి వెళ్ళాం. తోటల్లో కూలికెళ్ళేవాళ్ళ ఇల్లు. అక్క పక్కగదిలో పూలజడ సర్దుతోంది. పెళ్ళికూతుర్ని తయారుచేస్తుంటే చుట్టాలంతా తమకూ కాస్త రాయమని చేరడం మామూలే. ముందు పెళ్ళికూతురి పిన్నిగారు కూర్చుంది. తల్లి లేని ఆ పిల్లని పెంచింది ఆవిడే. మామిడి సొన పడి ఆవిడకి కనుబొమ్మ పక్కన కాలింది, పుండు ఇంకా తడిగా ఉంది. తొందరలో నేను గొట్టంలోని బ్రష్షుతోనే ఆవిడకి దిద్ది, మళ్ళీ ముంచి, పెళ్ళికూతురి మొహం దగ్గరికి తెచ్చాను. అప్పుడే లోపలికొచ్చిన మార్తక్క నా మణికట్టు పట్టుకుంది. గొట్టం లాక్కుని చెత్త కవర్లో పడేసింది.

పిన్నిగారు లేచి నిలబడింది. "నా మొహం తగిలిందనేగా పారేశావు? పెద్దోళ్ళ ఇంట్లో అయితే పారేసేదానివా?" అంది. తాను వెళ్ళిపోతానంది. పిన్ని లేకపోతే పీటల మీద కూర్చోనని పెళ్ళికూతురు ఏడుపు మొదలుపెట్టింది.

అక్క పుండు సంగతి చెప్పేస్తుందనుకున్నాను. చెప్పలేదు. ఎవరికి వాడినా బ్రష్షు మళ్ళీ ముంచకూడదని, తప్పు తన పనమ్మాయిదని అంది. సంచిలోంచి కొత్త జెల్ తీసి పళ్ళెంలో వేసింది. ఒక బ్రష్షుతో తన కనుబొమ్మ దిద్దుకుని అదే కవర్లో పడేసింది. ఇంకోదానితో పెళ్ళికూతురికి దిద్ది అదీ పడేసింది.

"నాదీ పారేశా, పెళ్ళికూతురిదీ పారేశా. మీదొక్కటి దాచమంటారా వదినగారూ?"

పిన్నిగారు కాసేపు కవరు వైపు చూసింది. తర్వాత కూర్చుని, "కాస్త ఒంపుగా పెట్టు" అంది. అక్క పుండుకి తగలకుండా పెట్టింది.

తిరిగొస్తుంటే ఆటోలో తిడుతుందని చూశాను. తిట్టలేదు. పుండు గురించి ఎందుకు చెప్పలేదని నేనే అడిగాను.

"ఆవిడకి తెలీదా ఏంటి? మా అమ్మకి పనిచేసే ఇంట్లో గ్లాసు వేరేగా పెట్టేవాళ్ళు. అందరి ముందు మనిషిని పక్కన పెడితే ఎలా ఉంటుందో నేను చూశానే" అంది.

ఇప్పుడు చింతలపూడిలో నాకో చిన్న పార్లర్ ఉంది. ఎవరైనా కుర్చీలో కూర్చోగానే, ఇక్కడ అందరి బ్రష్షూ పారేస్తామండీ, నాది కూడా అని ముందే చెబుతాను. ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు. మర్చిపోయి తర్వాత చెప్పిన రోజు మాత్రం, ఎదుటి మనిషి మొహం చూడాలంటే నాకు ఇంకా భయమే.