ఎక్కడికని అడగని ఇల్లు

మా ఇంట్లో బయలుదేరిన మనిషిని ఎక్కడికి అని అడగరు. అడిగితే పయనానికి కాలు అడ్డం పెట్టినట్టే. తెలుసుకోకపోతే ప్రాణం పోతుందనుకుంటే "దూరమా?" అనాలి. ఢిల్లీకి పోయేవాడైనా, వీధి చివరి అంగడికి పోయేవాడైనా "కొంచెం దూరం" అనే జవాబు చెప్పాలి. మా అవ్వ, అంటే మా నాన్న తల్లి, ఈ మర్యాద తు.చ. తప్పకుండా పాటించేది. మనిషి తిరిగొచ్చాక మాత్రం ఎక్కడెక్కడ తిరిగాడో, ఎవరింట్లో ఏం తిన్నాడో పోలీసుల కంటే గట్టిగా ఆరా తీసేది.

మాది మేలూరు దగ్గర ఒక ఊరు. మా వాళ్ళు ఎప్పుడో, ఎందుకో ఇటు వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ. ఈ తెలుగు అక్షరాలు నేను ఉద్యోగంలో చేరాక పట్టుదలగా నేర్చుకున్నవి. మా అత్తకు ఇప్పటికీ రావు.

అత్త అంటే మా నాన్నకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి నన్ను పెంచిందీ, కొట్టిందీ, చదివించిందీ ఆవిడే. సర్కారు బడిలో చరిత్ర చెప్పి రిటైరైంది. అంత చదువుకున్న మనిషి కూడా ఇంట్లో ఎవరైనా పయనం కడితే తనంతట తానే పెరట్లోకి వెళ్ళి, బట్టలుతికే బండ దగ్గర నిలబడి, బండి చప్పుడు వినబడకుండా పోయేదాకా ఇటు వచ్చేది కాదు. వెళ్ళమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే నేర్పే విద్యలు మా వాళ్ళ దగ్గర చాలా ఉన్నాయి.

దాన్ని మాన్పించినవాడు మా నాన్న. ఒకరోజు పొద్దున బైకు మీద కూర్చుని హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఊరంతా వినేలా కేక పెట్టాడు. "అక్కా! నువ్వు ముందరికి వస్తేదా బండి స్టార్ట్ అవును. లేదంటే నేను యాడికీ పోను, ఈడనే కూర్చుంటా!"

అవ్వ నెత్తీ నోరూ కొట్టుకుంది. అత్త తడి చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి గేటు దగ్గర నిలబడింది. నాన్న వెంటనే బండి స్టార్ట్ చేసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన ఎప్పుడు బయటికి వెళ్ళినా గేటు దగ్గర అక్క ఉండాల్సిందే. నేను మా నాన్నను ప్రేమించడానికి కారణాలు చెప్పమంటే ముందు ఇదే చెబుతాను.

నేను కోయంబత్తూరు పక్కన సూలూరులో ఒక నూలు మిల్లు ఆఫీసులో పనిచేస్తాను. మా యంత్రాలు జర్మనీ నుంచి వస్తాయి, వాటిని బిగించడానికి మనుషులూ అక్కడి నుంచే వస్తారు. వాళ్ళ భాష కొంచెం నేర్చుకుంటే మంచిదని సాయంకాలం క్లాసులో చేరాను. క్లాసులో చెప్పింది మర్చిపోకుండా రోజూ ఫోన్లో అత్తకు అప్పజెప్పేదాన్ని. అప్పజెప్పించుకున్న మనిషి నాకంటే ముందుకు వెళ్ళిపోయింది. తమిళ అక్షరాల్లో జర్మన్ మాటలు చిన్న చిన్న కాగితాల మీద రాసి వంటింట్లో డబ్బాలన్నిటికీ అంటించింది. ఉప్పు డబ్బాకు ఉప్పు, పప్పు డబ్బాకు పప్పు. చింతపండుకు మాట దొరక్క, "ఆ ఊరిలో పులుపే తినరేమో పాపం" అని జాలిపడింది.

వేసవిలో అక్కడికే వెళ్ళి ఒక నెల చదువుకునే కోర్సు ఉందని, మిల్లువాళ్ళు సెలవు ఇస్తామన్నారని చెప్పిన రోజు ఫోన్లో తారీకులన్నీ అడిగి రాసుకుంది.

"నన్నూ కూట్టుకొని పోతావా తాయీ?" అంది. నన్నూ తీసుకెళ్తావా తల్లీ అని. తమాషా చేస్తోందనుకున్నాను. కాదు. పాస్‌పోర్ట్ ఎప్పుడో తీసుకుని బీరువాలో చీరల కింద దాచుకుందట. ఎందుకు తీసుకున్నావంటే "ఊరికే, ఉండనీ అని" అంది.

నాన్న సంబరం చెప్పనలవి కాదు. "చరిత్ర టీచరమ్మకు ఇప్పుడు భూగోళం మీద ఆశ పుట్టిండాది" అని కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. మా ఇద్దరినీ మాట్టుతావణి బస్టాండుదాకా మార్కెట్టుకు కూరగాయలు వేసే తన వ్యానులో తానే దింపుతాననీ, వ్యానుకు మాల కడతాననీ అన్నాడు. అక్కణ్ణుంచి చెన్నై బస్సు, చెన్నై నుంచి విమానం. వీసా కోసం వెళ్ళినప్పుడు అత్త ఆ ఆఫీసు బయట చెట్టు కింద నిలబడి నాకే ధైర్యం చెప్పింది. కోయంబత్తూరులో చలికోటు కొన్నాం. బూట్లు కొన్నాం. జీవితమంతా చెప్పులు తప్ప ఎరగని కాళ్ళకు అలవాటు కావాలని ఆ బూట్లు తొడుక్కుని చీర కొంచెం ఎత్తి పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడిచేది. అవ్వ పడక్కుర్చీలోంచి చూస్తూ "పోలీసు ఉద్యోగం వచ్చిండాదా నీకు?" అనేది. ఇడ్లీ పొడి, శొంఠి పొడి, నేతి సున్నుండలు అన్నీ సంచుల్లో కట్టడం మొదలైంది.

ఆ రోజుల్లో మా ఇల్లు ఎంత సంతోషంగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

సెలవు మీద ఇంటికి వచ్చాను. ఒక పొద్దున అత్తా నేనూ వరండాలో పాఠం చదువుతున్నాం. రైల్వే స్టేషన్లో ఇద్దరు మాట్లాడుకునే పాఠం. ఒకరు "వోహిన్ ఫారెన్ జీ?" అని అడగాలి. మీరు ఎక్కడికి వెళ్తున్నారు అని. రెండోవాళ్ళు "నాఖ్" అని మొదలుపెట్టి ఊరి పేరు చెప్పాలి, ఫలానా ఊరికి అని. అత్త ఎప్పుడూ అడిగే వంతే తీసుకునేది. టీచరు కదా, అడగడంలో ఉన్న సుఖం చెప్పడంలో ఉండదు.

నాన్న మాట్టుతావణి మార్కెట్లో మండీవాడితో మాట్లాడడానికి బయలుదేరి, బండెక్కి హారన్ కొట్టాడు. అత్త బూట్లతోనే టకటకా గేటు దగ్గరికి వెళ్ళింది. పాఠం ఇంకా నోట్లోనే ఉంది. టికెట్ కలెక్టర్‌లా చెయ్యి చాచి, గడ్డం పైకెత్తి, తమ్ముణ్ణి అడిగింది.

"వోహిన్ ఫారెన్ జీ?"

నాన్న వారాల తరబడి మా పాఠాలు విని ఉన్నాడు. నుదుటికి చెయ్యి పెట్టి సలాం కొట్టాడు. "నాఖ్ మాట్టుతావణి!"

ముగ్గురం పగలబడి నవ్వాం. లోపల్నుంచి అవ్వ "పొద్దున్నే ఏమి సిరిప్పు ఆడ?" అని కసిరింది. నాన్న ఆ నవ్వుతోనే వెళ్ళిపోయాడు.

క్వారీ దారి మెయిన్ రోడ్డులో కలిసే మలుపు దగ్గర గ్రానైట్ రాళ్ళ లారీ వచ్చి కొట్టింది. మాకు ఫోన్ వచ్చేసరికే అంతా అయిపోయింది. ఆయన మాట్టుతావణి చేరలేదు.

ఆ తర్వాతి రోజుల గురించి రాయను. చావు ఇల్లు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. అవ్వ లారీవాణ్ణి తిట్టింది, రోడ్డును తిట్టింది, క్వారీలు పెట్టినవాళ్ళను తిట్టింది, హెల్మెట్ పెట్టుకోని కొడుకును శవం ముందే తిట్టింది. కూతుర్ని మాత్రం పల్లెత్తు మాట అనలేదు. గేటు దగ్గర ఆ పొద్దున అత్త అడిగినదానికి అర్థం ఆవిడకు తెలియదు. తెలిసినవాళ్ళం మేమిద్దరమే.

కర్మ అయిపోయి చుట్టాలు వెళ్ళాక, వంటింట్లో డబ్బాల మీద కాగితాలు లేవని గమనించాను. గోకి తీసేసిన చోట జిగురు మరకలు ఉన్నాయి. అత్త పెరట్లో బండ దగ్గర కూర్చుని ఉంది.

"నేను అడిగితిని కదా వాణ్ణి," అంది. "ఎక్కడికని."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఎక్కడలేని కోపం వచ్చింది. "అది జర్మన్ అత్తా! మన దేవుళ్ళు ఎప్పుడు నేర్చుకున్నారు జర్మన్? ఏ క్లాసులో చేరారు?"

"ఏ భాష అయితే ఏమి? అడిగింది అడిగిందే."

"మాట్టుతావణిలో కండక్టర్లు పొద్దుగూకులూ చేసే పని ఏమిటి? ఎంగ పోగణుం, ఎంగ పోగణుం అని అందరినీ ఎక్కడికనే కదా అడుగుతారు? అడిగించుకున్నోళ్ళందరూ చచ్చిపోతా ఉండారా?"

"వాండ్లు అడగడం వేరే. వాండ్లు తోడబుట్టినోళ్ళు కాదు కదా తాయీ," అంది నెమ్మదిగా.

అవ్వకు చెప్పేద్దామనుకున్నాను. ఆవిడ తిడితే తిట్టనీ, తిట్టాక ఏడ్చి దగ్గరికి తీసుకుంటుంది, పీడా పోతుంది. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆమెకు కొడుకు పోయిండాడు. కూతుర్నీ తీసేయద్దు."

తర్వాత నేను గమనించిన సంగతి ఇంకోటి ఉంది. అత్త అసలు ప్రశ్నలు అడగడమే మానేసింది. "తింటావా?" అనదు, "అన్నం పెట్టిండాను" అంటుంది. "ఎప్పుడు వచ్చినావు?" అనదు, "వచ్చినావు, సరి" అంటుంది. జీవితమంతా పిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలడిగిన మనిషి. ఆవిడ నోటి నుంచి ఒక్క ప్రశ్న కోసం నేను కాచుక్కూర్చునేదాన్ని. కావాలని సగం మాట చెప్పి ఆపేసేదాన్ని. మిగతా సగం వినాలని ఆవిడకు ఉండేది, కళ్ళలో కనబడేది. నోరు మాత్రం తెరిచేది కాదు.

పయనం రోజు దగ్గర పడుతోంది. నేను మానేస్తానన్నాను. ఆచారాల అవ్వే మానొద్దంది. "వాడు వ్యానుకు మాల కడతానన్నాడు. ఇద్దరూ పోయి రండి, వాడి మాట నిలవనీ," అని కళ్ళు తుడుచుకుంది. అత్త తల అడ్డంగా ఊపింది. ఎంత బతిమాలానో నాకే తెలుసు. కాళ్ళు పట్టుకున్నాను. అరిచాను. ఆ చలికోటు తెచ్చి ఆవిడ ఒళ్ళో పడేశాను. మడతపెట్టి పక్కన పెట్టింది.

"నువ్వు పో. నా నోటితో ఒక పయనం ఆగిపోయింది," అంది. "ఇంకోటి ఆగితే నేను తాళలేను."

అదే ఆవిడ వేసిన ముడి. నేను వెళ్ళకపోతే ఆ నేరం ఆవిడదే అని ఒప్పుకున్నట్టు. వెళ్తే ఆవిణ్ణి ఆ బండ దగ్గర వదిలేసినట్టు. నాన్నే ఉండి ఉంటే హారన్ కొట్టి ఊరు లేపేవాడు.

బయలుదేరే రోజు అవ్వ పక్కింటి కోడలిని నీళ్ళ చెంబుతో ఎదురు రమ్మని వీధిలో నిలబెట్టింది. నేను పెట్టె గుమ్మంలో పెట్టి వెనక్కి వెళ్ళాను. అత్త బండ దగ్గరే, గోడవైపు తిరిగి ఉంది. బూట్లు కడిగి ఆరబెట్టింది, వాటిలో పాత పేపర్లు కుక్కి ఉన్నాయి.

"పోయొస్తా అత్తా."

తల ఊపింది.

"ఒక మాట అడుగు. దూరమా అని అయినా అడుగు. అది అడగొచ్చు కదా, అవ్వే అడుగుతుంది."

చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నిలబడ్డాను. ఆవిడ తిరగలేదు. బస్సు వస్తోందని అవ్వ పిలిచింది.

బస్సులో కిటికీ పక్క కూర్చున్నాను. కండక్టర్ వచ్చి "ఎంగమ్మా?" అన్నాడు. ఎక్కడికమ్మా అని. ఇన్నాళ్ళూ అత్తతో అంత పొగరుగా వాదించిన నేను కిటికీ కమ్మీ గట్టిగా పట్టుకున్నాను.

"మాట్టుతావణి," అన్నాను.

"ఎత్తన?" ఎన్ని అని.

"ఒకటి."

టికెట్ చించి ఇచ్చి పక్క సీటుకు వెళ్ళి అదే అడిగాడు. అందరినీ అడిగాడు, అందరూ చెప్పారు. క్వారీ మలుపు వచ్చినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బస్సు చాలా దూరం వచ్చేసింది. ఆ పొద్దున నాన్న చేరని దారిలోకి వచ్చేశామని నాకొక్కదానికే తెలుసు.

మాట్టుతావణిలో దిగి అత్తకు ఫోన్ చేశాను. "చేరిపోయాను," అన్నాను. "చేరినావు, సరి," అంది. చుట్టూ ఆటోవాళ్ళు మూగి "ఎంగమ్మా, ఎంగ పోగణుం, ఎంగ?" అని ఒకటే అరుపులు. ఫోన్ పెట్టేయకుండా కొంచెం పైకెత్తి పట్టుకున్నాను. కావాలనే. వినాలి ఆవిడ, ఎన్ని నోళ్ళు అడుగుతున్నాయో.

మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంటే అవతల అత్త ఏడుస్తోంది. నాన్న పోయాక ఆవిడ గొంతెత్తి ఏడవడం అదే మొదటిసారి. ఏడుపు కొంచెం సద్దుమణిగాక అడిగింది.

"దూరమా తాయీ?"

"కొంచెం దూరమే అత్తా," అన్నాను. ఆటోవాళ్ళ మధ్య పెట్టె మీద కూర్చుని ఏడ్చాను.