సబ్బత్త తడిచీర, పహిల్వాన్ మామ కలర్ టీవీ

కామాటిపురలో ఆ రోజుల్లో మా భయాలకు కూడా వేళలుండేవి. తెల్లవారితే నల్లా ఆగిపోతుందేమోనన్న భయం, మధ్యాహ్నం తెరిచిన తలుపులోంచి పిల్లి దూరి పాలు తాగుతుందేమోనన్న భయం, సాయంత్రం బస్సు దిగి వచ్చే నాన్న మొహం ఎలా ఉంటుందోనన్న భయం. ఆదివారం మాత్రం రోజంతా ఒకటే భయం: ఆ రోజు పహిల్వాన్ మామకు సెలవు. ఇప్పుడు యాభై దాటాయి, బీపీ మాత్రలు మింగుతున్నాను, భయపడాల్సిన వాటికే భయపడడం కొంత నేర్చుకున్నాను. అయినా అప్పటి భయం ఒకటి మొన్న మా వాళ్ల పెళ్లి భోజనాల్లో మళ్లీ ఎదురొచ్చింది. పక్క విస్తరి ముందు కూర్చున్న కుర్రాడు, "మా తాతల చాల్‌ల ఒకామె వైరు మీద తడిచీర ఆరేసి టీవీ కాల్చిందంట" అని నవ్వుతూ చెప్పాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను (అదే నా జబ్బు). ఆ కథలో టీవీ నిజం, చీర నిజం, కాలడం నిజం. కాల్చింది మాత్రం ఆమె కాదు.

పహిల్వాన్ మామ మా చాల్‌లో, అంటే ఒకే వరండాకు వరసగా గదులున్న మా పాత అద్దె మేడలో, కింది అంతస్తులో ఉండేవాడు. రేవులో మూటలు దించే ముఠాకు మేస్త్రీ. చిన్నప్పుడు కుస్తీలు పట్టాడని నలిగిపోయిన ఆయన చెవులే చెప్పేవి. ఎవరినైనా కొట్టగా నేనెప్పుడూ చూడలేదు. కొట్టవలసిన అవసరం రాకుండా ఆ చెవులే చూసుకునేవి. ఆయన మెట్లెక్కుతుంటే చెక్కలు మూలిగే తీరును బట్టి ఎవరింటికి వస్తున్నాడో మా అమ్మ చెప్పగలిగేది. అలాంటి మనిషి చాల్ మొత్తంలో మొదటి కలర్ టీవీ కొన్నాడు. దాని మీద అత్తమ్మ కుట్టిన పూల గుడ్డ కప్పి, అగరొత్తి కూడా వెలిగించేవాడు. నేనేమో నాగ్‌పాడాలో ఒక రేడియో, టీవీ రిపేరు దుకాణంలో కొత్తగా చేరి, చొక్కా జేబులో టెస్టర్ పెట్టుకుని, అది బయటికి కనిపించేలా ఛాతీ కొంచెం ముందుకు పెట్టి నడుస్తున్నాను.

చాల్ పెద్దలంతా కలిసి, డాబా మీద ఒకటే పెద్ద యాంటెన్నా పెట్టి టీవీలున్న ఇళ్లన్నిటికీ దాని నుంచే వైర్లు ఇవ్వాలని నిర్ణయించి, పని నాకప్పగించారు. యాంటెన్నా నెత్తిన బూస్టర్ అని చిన్న డబ్బా ఉండేది, బొమ్మకు బలమిచ్చేది. దానికి కరెంటు కావాలి. విచిత్రమేమిటంటే పైకి వేరే కరెంటు తీగ లాగనక్కర్లేదు. బొమ్మ ఏ వైరులో కిందికి దిగుతుందో అదే వైరులో కరెంటు పైకి ఎక్కుతుంది. రెండో అంతస్తు వరండా గోడకు నేను బిగించిన పెట్టెలోంచి ఇంటింటికీ ఒక వైరు, డాబా మీదికి ఒక వైరు పోయేవి. ఒక్కో వైరుకూ ఒక్కో చిన్న స్విచ్చి. పైకి నొక్కితే ఆ వైరులోకి కరెంటు పోతుంది, కిందికి నొక్కితే ఉత్త బొమ్మే పోతుంది. మా దుకాణం సేటు నాకు మరీ మరీ చెప్పాడు: "డాబా లైను ఒక్కటే ఆన్. ఇండ్లవన్నీ బంద్. సమ్‌జా?" సమజైంది. అలాగే పెట్టాను. ఇంటింటా బొమ్మ అద్దంలా వచ్చింది. అక్కడితో నేను మెట్లు దిగి వెళ్లిపోయి ఉంటే ఈ కథే లేదు.

కాని మా చాల్‌లో ఏదొచ్చినా అందరికీ సమానంగా రావాలి. నల్లా నీళ్లయినా, గణపతి ప్రసాదమైనా, ఒకరి బిందెలో బెత్తెడు ఎక్కువ పడితే వారం రోజులు మాటలుండవు. పెట్టెను చూడడానికి వచ్చిన మూడో గది కాకాకు ఒక స్విచ్చి పైకి, మిగిలినవి కిందికి కనిపించాయి.

"ఏం రా పిలగా, గీ పైకున్నది ఎవరిది?"

"అది ఎవరిదీ కాదు కాకా, డాబాది."

"డాబా టీవీ జూస్తదా? నాకు చెప్తున్నవా! పహిల్వాన్‌కు ఫుల్లు పెట్టి మాకు హాఫ్ పెట్టినవ్. డర్ గయా నా, భయపడ్డవ్ గదా?"

"నాది గూడ కిందికే ఉన్నది జూడు" అంది వెనకనుంచి మా పిన్ని. సొంత పిన్ని!

వివరించబోయాను. వివరిస్తున్నకొద్దీ అనుమానం పెరిగింది. ఇంతలో కింద మెట్లు మూలిగాయి. ఈ పంచాయితీ ఆయన చెవిన పడితే, తన పేరు చెప్పి నేనేదో చేశానని తెలిస్తే? నా వేళ్లు నన్నడగకుండానే ఆ స్విచ్చులన్నీ టకటకా పైకి నొక్కేశాయి. కాకా ముఖం విప్పారింది. "గిట్లుండాలె. అందరికి బరాబర్." సేటు మాట గుర్తు రాలేదని చెబితే అబద్ధమవుతుంది. వచ్చింది. మెట్ల చప్పుడు అంతకన్నా దగ్గరగా వచ్చింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం టీవీలో తెలుగు సినిమా. హిందీ, మరాఠీ వినివిని ఉన్న మా ముసలవ్వలకు పెట్టెలోంచి తెలుగు వినబడడం పండగే. పహిల్వాన్ మామ టీవీని గడప దగ్గరికి తెచ్చి, ఆడవాళ్లను ముందు కూర్చోబెట్టి, తాను వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సినిమా మొదలైన కాసేపటికి తెర మీద చీమలు పాకాయి. తర్వాత బొమ్మ పోయింది. తర్వాత టీవీ వెనకనుంచి సన్నగా పొగ లేచింది. కొంతసేపు అది అగరొత్తి పొగే అనుకున్నారట. మా అంతస్తులో పాత నలుపు తెలుపు టీవీలు మొండి ఘటాలు, తట్టుకుని ఆడుతూనే ఉన్నాయి. "వైరు పెట్టినోడు ఏడి?" అన్న కేక నాకు మంచం కింద వినిపించింది (ఎందుకు దూరానో చెప్పనక్కర్లేదు).

నన్ను వరండాలోకి తెచ్చారు. పహిల్వాన్ మామ చెయ్యి నా మెడ మీద పడింది. నొక్కలేదు, ఊరికే ఉంచాడు. అది ఇంకా ఘోరం. "జెప్పు బిడ్డా. ఏమైంది?" గొంతు మెత్తగా ఉంది. అప్పుడే ఎవరో అరిచారు: "అగ్గో! జూడుండ్రి!" పెట్టె పక్కన నా వైరు మీద బారెడు తడిచీర. చుక్కలు చుక్కలుగా నీళ్లు. సబ్బత్తది. నాలుగిళ్ల బట్టలు ఉతికి బతికే మనిషి. వరండాలో ఏ తాడు కనిపించినా ఆరేయడం ఆమెకు ఊపిరి తీసుకోవడం లాంటిది. "తడి బట్టకు కరెంటు గుంజింది, అంతేనా రా?" అన్నాడు కాకా. నా తల ఊగింది. ఇది సరిగ్గా రాయాలి. మొదటిసారి ఊగింది వణుకుతో. "అవునా?" అని మామ మళ్లీ అడిగాడు. రెండోసారి నేనే ఊపాను.

సబ్బత్త చేతిలో ఇంకో తడిచీరతో గడపలో నిలబడిపోయింది. "నాకు తెల్వదయ్యా... నేను కావాల్నని..." అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది. మెడ మీది చెయ్యి లేచింది. నా ప్రాణం తిరిగొచ్చింది. అంత నీచమైన హాయి నేను మళ్లీ ఎరగను.

ఆ సాయంత్రమే టీవీ విప్పాను. వెనక వైరు గుచ్చేచోట సన్నతీగ చుట్ట ఒకటి నల్లగా మాడిపోయి ఉంది. చీరతో దానికి ఏ సంబంధమూ లేదు. స్విచ్చులోంచి వెళ్లిన కరెంటే తిన్నగా వెళ్లి దాన్ని కాల్చింది. కొత్త చుట్ట వేసి, ఎవరూ చూడకుండా స్విచ్చులు దించి, వాటి మీద నల్ల టేపు చుట్టాను. బొమ్మ వచ్చింది. చాల్ అంతా నన్ను ఇంజనీరు అంది. సబ్బత్తకు వరండాలో ఆరేయడం బంద్ అయింది. తడి బట్టల బకెట్లు మోసుకుంటూ డాబా ఎక్కాలి. ఎక్కుతూ మధ్యలో ఆగి, మోకాలు పట్టుకుని ఊపిరి తీసుకునేది. అంతటితో పోలేదు. తప్పు తనదని నమ్మి, పహిల్వాన్ మామ ఇంటి బట్టలు పైసా తీసుకోకుండా ఉతకడం మొదలుపెట్టింది.

అది చూడలేక ఒకరోజు ధైర్యం కూడగట్టి మామ దగ్గరికి వెళ్లాను. నిజం చెప్పాను కూడా. కాని భయం నా నోట్లోంచి దుకాణం భాష మాట్లాడించింది. డీసీ వోల్టేజి అన్నాను, షార్ట్ అన్నాను, ఇంపిడెన్సు అని కూడా అన్నాను (దాని అర్థం నాకే తెలియదు). మామ కళ్లు తడిశాయి. "ముసలిదాన్ని కాపాడనీకి ఎంత కష్టపడుతున్నవ్ రా!" అని భుజం మీద ఒక్కటి వేశాడు. ఆ మంట రెండ్రోజులుంది. మర్నాటికి నా మంచితనం కూడా చాల్ అంతా పాకింది. "నేనే స్విచ్చి తప్పు నొక్కిన" అన్న చిన్న మాట చాలేది. అదొక్కటే నోట్లోంచి రాలేదు.

వచ్చింది, చాలా ఏళ్లకు. సబ్బత్త ధారావిలో కూతురింటికి వెళ్లిపోతున్న రోజు, ట్యాక్సీలో ఆమె మూట పెడుతూ చెప్పాను. "అత్తా, టీవీ నీ చీరకు కాలలే. నేనే స్విచ్చి తప్పు నొక్కిన. నువ్వు ఒట్టిగ మోసినవ్ గా బకెట్లన్ని."

ఆమె నా గడ్డం పట్టుకుంది.

"ఎంత మంచి పిలగానివి రా. నా తప్పు నీ మీదేసుకుంటున్నవ్. ఊకో. ఎప్పటి ముచ్చట. మామ ఎప్పుడో మాఫ్ చేసిండు నన్ను."

ట్యాక్సీ కదిలిపోయింది. ఆమె ఇప్పుడు లేదు. క్షమించిన మామా లేడు. అప్పటి మామ వయసు కూడా నేనిప్పుడు దాటేశాను. ఆ మంచం కింద దూరిన కుర్రాడు ఇవాళ వణుకుతూ నా ముందుకొస్తే, నేను వాడి మెడ మీద చెయ్యి వెయ్యను. కూర్చోబెట్టి చాయ్ పోస్తాను. తాగినంతసేపు ఏమీ అడగను. గ్లాసు కింద పెట్టాక మాత్రం, పోరా, డాబా మెట్ల మీద మీ అత్త ఆగిపోయింది, ఆ బకెట్ అందుకో అంటాను. వెళ్తాడనే అనుకుంటాను. వాడు మరీ చెడ్డవాడు కాదు, భయస్తుడు, అంతే.